తెల్ల చుక్క పైకి

"నేరం ఒప్పేసుకున్నాక ఇంకా వెతకడానికేముంది మాస్టారూ?"

నేలమాళిగ మెట్ల మీద కాలు మీద కాలేసుకుని కూర్చున్న ఇన్‌స్పెక్టర్ ఆవులిస్తూనే అడిగాడు. "నాలుగింటికి వ్యాన్ వస్తుంది. ముసలాణ్ణి ఎక్కిస్తాను, కోర్టులో అప్పజెబుతాను, ఇంటికెళ్లి ముసుగు తన్నేస్తాను. మూడు రోజులైంది కంటిమీద కునుకు లేక."

మాస్టారు వాచీ చూసుకున్నారు. ఒంటిగంటా పది.

డిటెక్టివ్‌గా పన్నెండేళ్లు పనిచేసినా ఆయన్ని అందరూ మాస్టారనే పిలుస్తారు. అంతకు ముందు ఇరవై రెండేళ్లు హైస్కూల్లో కెమిస్ట్రీ చెప్పారు మరి. లిట్మస్ కాగితం దేంట్లో ముంచితే ఎర్రబడుతుందో పరీక్ష రోజు దాకా తేల్చుకోలేకపోయిన వెనక బెంచీ కుర్రాడే ఈ ఇన్‌స్పెక్టర్. గురువంటే వాడికి భక్తి లేకపోలేదు గానీ, ఆ గురువు తన కేసులో వేలు పెడితే మాత్రం ఒళ్లు మండిపోతుంది.

కేసు చూస్తే సందు లేకుండా బిగిసిపోయి ఉంది. ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటా పావుకి, ఈ ఇంటి యజమాని, వైన్ వ్యాపారంలో తల పండిన పెద్దాయన భోజనం ముగించి, నలభై ఏళ్ల నాటి పోర్ట్ వైన్ ఒక గ్లాసు తాగారు. నెలకో సీసా, మొదటి ఆదివారం. అది ఆయన నియమం. రెండింటికల్లా ప్రాణం పోయింది. గ్లాసులోనూ విషమే, గ్లాసులోకి వంచిన గాజు కూజాలోనూ విషమే. సీసా తెరిచింది, వడగట్టింది, పైకి తెచ్చింది, పోసింది ఒక్క మనిషి. ముప్ఫై ఏళ్లుగా ఈ నేలమాళిగను కనిపెట్టుకుని ఉన్న ముసలి పనివాడు. ఇంటిల్లిపాదీ అతన్ని సీసాల తాత అంటారు. సోమవారం పదింటికి అరెస్టు చేశారు. మంగళవారం పొద్దున్న ఒప్పేసుకున్నాడు.

"బాబాయి చెయ్యలేదండీ," అంది పెద్దాయన కోడలు. మాస్టార్ని పిలిపించింది ఆవిడే. తాళాల గుత్తి రెండు చేతులతో పట్టుకుని గోడ వారగా నిలబడి ఉంది. వరస కాకపోయినా తాతని బాబాయి అనే పిలుస్తుంది. "కాపురానికొచ్చిన రోజున ఈ ఇంట్లో నన్ను అన్నం తిన్నావా తల్లీ అని అడిగింది ఆయనొక్కడే. మామగారంటే ప్రాణం పెట్టేవాడు. మీరు ఎలాగైనా..."

ఎలాగైనా అన్న మాట మాస్టారికి నచ్చదు. ఎలాగైనా కాపాడతానని నమ్మించిన ఇద్దరు అమాయకులు ఆయన కళ్లముందే జైలుకి వెళ్లిపోయారు. ఈసారీ అంతేనేమోనని లోపల ఒక గుబులు అప్పుడే మొదలైంది. "చూద్దామమ్మా," అన్నారు. "ఒరే, వాంగ్మూలం చదువు."

ఇన్‌స్పెక్టర్ కాగితం విప్పాడు. "శుక్రవారం పదింటికి, మడ్డి అడుక్కి దిగాలని సీసా నిలబెట్టాను. ఆదివారం పదకొండున్నరకి పటకారు ఎర్రగా కాల్చి సీసా మెడకి పట్టాను, తీసి తడిగుడ్డ చుట్టాను. మెడ తెగింది. పలచటి గుడ్డలో వడగట్టి కూజాలో పోశాను. అందులో విషం కలిపాను. శనివారం రాత్రి ఏడున్నరకి సీసా పగలగొట్టానని బాబుగారు అందరి ముందూ తిట్టినందుకు కోపంతో ఈ పని చేశాను. సంతకం."

"ఏం విషం?"

"తెలీదంటాడు."

"ఎక్కడ కొన్నాడు?"

"గుర్తులేదంటాడు."

"ఏం కలిపాడో తెలీదు, ఎక్కడ తెచ్చాడో గుర్తులేదు. పటకారు ఎంత కాలిందో మాత్రం బాగా గుర్తుంది. బావుందిరా కేసు."

"ముసలాడు మాస్టారూ. మతిమరుపు."

మాస్టారు గది మధ్య బల్ల దగ్గరికి వెళ్లారు. చిన్న గ్యాస్ పొయ్యి, పొడుగాటి కాడల ఇనుప పటకారు, ఎండిపోయిన తువ్వాలు, మెడ తెగిన నల్ల సీసా. పక్కన పింగాణీ పళ్లెంలో, తెగిన మెడ ముక్క కార్కుతో సహా ఉంది. కూజానీ గ్లాసునీ ల్యాబుకి పంపిన ఇన్‌స్పెక్టర్‌కి ఇవి దండగ సరుకులా కనిపించాయి కాబోలు, ఎక్కడివక్కడే వదిలేశాడు.

"ఇంత గొడవెందుకమ్మా? కార్కు లాగెయ్యొచ్చుగా?"

"నలభై ఏళ్ల కార్కు లాగితే పొడి పొడైపోతుందండీ," అంది కోడలు. అడిగింది తెలిసిన సంగతి కావడంతో గొంతులో కాస్త నిబ్బరం వచ్చింది. "అందుకని కార్కుని ముట్టుకోకుండా మెడే కోసేస్తారు. మామగారు నాకన్నీ చెప్పేవారు. కొట్లో కింది అరలో దొరికే చవక పోర్ట్ రూబీ. అది దానిమ్మ గింజల రంగులో ఉంటుంది, కొన్నవాళ్లు కొన్నట్టే తాగెయ్యొచ్చు. ఏళ్ల తరబడి పీపాలో ఉంచితే టానీ. తేనె రంగుకి తిరుగుతుంది. ఇక ఇవి వింటేజ్. పోర్చుగల్ నుంచి ఓడలో తెప్పించారు. సీసాలోనే ముసలివవుతాయి. రంగు పోయి ఇటుక పొడిలా అవుతుంది, అడుగున ఇంత మందాన మడ్డి కడుతుంది. ఆ మడ్డి కదిలితే రుచి పాడు. అందుకే ఈ తెల్ల చుక్క."

అప్పుడు చూశారు మాస్టారు. నాలుగు గోడల నిండా అరలు, అరల్లో పడుకోబెట్టిన సీసాలు, ప్రతి సీసా వీపు మీదా సున్నంతో పెట్టిన చుక్క. ఒక్కటి కూడా పక్కకి తిరిగి లేదు.

"సీసాని ఎక్కడికి మార్చినా చుక్క పైకే ఉండాలి. అలా ఉంటే మడ్డి ఎక్కడిదక్కడే ఉంటుంది. బాబాయి రోజూ పొద్దున్నే వచ్చి అన్నీ చూసుకుంటాడు."

"మీ మామగారు దిగి వచ్చేవారా?"

"మూడేళ్లుగా లేదండీ. పెద్ద జ్వరమొచ్చి ఆస్పత్రిలో నెల్లాళ్లున్నారు. తిరిగొచ్చాక మోకాళ్లు పట్టేశాయి. పంతొమ్మిది మెట్లు. ఆయనవల్ల కాలేదు."

మాస్టారు తెగిన మెడ ముక్కని పళ్లెంలోంచి తీసి బల్బుకి ఎదురుగా పెట్టారు. ఒక కన్ను మూశారు.

"రారా ఇటు. కార్కు మధ్యలో ఏం కనబడుతోంది?"

ఇన్‌స్పెక్టర్ బద్ధకంగా లేచొచ్చి వంగి చూశాడు. "వెలుతురు."

"చిల్లు. మెలికలు తిరిగిన చిల్లు. కార్క్ స్క్రూ దిగిన దారి. చుట్టూ మైనం పెట్టి అతికించారు చూడు. ముట్టుకోవడానికే వీల్లేని కార్కుని ఎవరో ఎప్పుడో పీకేశారు, మళ్లీ పెట్టారు. అంటే ఆదివారం మెడ కోసేటప్పటికే ఈ సీసా ఖాళీ."

ఆయన వేలు సీసా లోపలికి పోనిచ్చి గోకారు. మడ్డి పెళ్లలు పెళ్లలుగా ఊడి, పొడిపొడిగా రాలింది. మూడు రోజుల కింద వైన్ వంపిన సీసా ఇలా ఉండదు. తీపి వైన్ కదా, వేలికి జిగురంటాలి.

ఆ తర్వాత ఆయన చేసిన పని చూసి కోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మాస్టారు అరలోంచి ఒక సీసా తీశారు. బరువు చూసి పెట్టేశారు. పక్కది తీశారు. దాని పక్కది. కింది వరసలో రెండు, పై వరసలో నాలుగు. మోకాలి నొప్పితో కుంటుకుంటూ నాలుగు గోడలూ తిరిగారు.

"అన్నీ ఖాళీవే," అన్నారు చివరికి.

కోడలు ఉన్నచోటే నేల మీద కూలబడిపోయింది.

ఇన్‌స్పెక్టర్ మొహం మాత్రం మూడు రోజుల నిద్రంతా ఒక్కసారి పోయినట్టు వెలిగిపోయింది. "దండాలు మాస్టారూ! తిట్టాడని చంపాడంటే కోర్టులో ఏమంటారోనని నాకే కాస్త బెంగగా ఉండేది. ఇప్పుడు చూడండి. ముసలాడు సరుకంతా తాగేశాడు. పెద్దాయనకి తెలిసిపోయే రోజొచ్చింది. లేపేశాడు. కేసుకి ఒక్క కాలే ఉందనుకుంటే రెండోది మీరే అతికించారు."

వాడన్నది నిజం. మాస్టారు తవ్వి తీసిన ప్రతి ఆధారమూ తాత మెడకే చుట్టుకుంటోంది.

"దొంగైతే ఖాళీ సీసాలకి చుక్క పైకి పెట్టే ఓపికెందుకురా? మడ్డి కదులుతుందనా?"

"అలవాటు."

"ల్యాబ్ రిపోర్టులో కూజా గురించి ఏముంది?"

"విషముంది."

"విషం కాదురా వెర్రి వెధవా, వైన్ గురించి!"

కోడలి ముందు అంత మాట పడేసరికి ఇన్‌స్పెక్టర్ చెవులు ఎర్రబడ్డాయి. అయినా కాగితం తీశాడు. "నిగనిగలాడే ఎరుపు. మడ్డి గానీ నలుసు గానీ లేదు."

"నలభై ఏళ్ల వైన్‌కి నిగనిగలాడే ఎరుపెక్కడిది? ఇప్పుడే కదా ఆవిడ చెప్పింది? కూజాలో ఉన్నది కింది అర సరుకు." మాస్టారు మోకాలి నొప్పి దిగమింగి వంగి, అర కింద చీపురు అందని మూలలోకి చెయ్యి పెట్టారు. బొటనవేలంత గాజుపెంకు బయటికొచ్చింది. దాని అంచున మరలున్నాయి. "ఇదిగో, శనివారం రాత్రి పగిలిన సీసా. కార్కు సీసాకి మరలుండవు. ఇది తిప్పుడు మూత సీసా. మీ బాబాయి పగలగొట్టింది పాత సీసా కాదమ్మా. కొట్లో కొనుక్కొచ్చిన చవక సీసా."

"ఎందుకు కొన్నాడు?"

"మీ మామగారికి పొయ్యడానికి. ఈ ఒక్క ఆదివారమే కాదు, ఎన్నో ఆదివారాలుగా."

కోడలు ఆయన వంక అయోమయంగా చూసింది. కాసేపటికి అర్థమై, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. ఇన్‌స్పెక్టర్ వాచీ చూపించాడు. రెండుంబావు.

*

వంటింట్లో మంచినీళ్లడిగితే తెచ్చిచ్చింది పెద్దాయన కొడుకు. ఆదివారం పొద్దున్న ఏడింటికి వేరే ఊరు వెళ్లి, సాయంత్రం అయిదింటికి తండ్రి పోయిన వార్త విని పరుగెత్తుకొచ్చిన మనిషి. అక్కడ అతన్ని చూసినవాళ్లు ముప్ఫై మంది. మెత్తటి గొంతు, మర్యాద తెలిసిన మనిషి. మాస్టార్ని కుర్చీలో కూర్చోబెట్టి, కాలు చాపుకోమని తనే పీట జరిపాడు.

"తాతని ఏం చేస్తారండీ?"

"కోర్టు చూసుకుంటుంది."

"మా ఆవిడ తట్టుకోలేకపోతోంది. నాన్న పోయారు. తాత కూడానూ."

మాస్టారు నీళ్లు తాగుతూ అలమారు వైపు చూశారు. తలుపు ఓరగా తెరిచి ఉంది. నూనె డబ్బాల పక్కన పోర్ట్ సీసా. చవక రూబీ. లేచి తీశారు. మెడ దాకా నిండుగా ఉంది. తిప్పుడు మూత కింద సీలు తెగి ఉంది. కూజాలో పోసినది ఇలాంటిదే అయి ఉండాలి అనుకున్నారు. ఆ ఆలోచన వెంట పరుగెత్తారే గానీ, చేతిలో ఉన్న సీసాని సరిగ్గా చూడలేదు. తర్వాత ఆ క్షణం గుర్తొచ్చినప్పుడల్లా ఆయన తన నెత్తిన తనే మొట్టుకున్నారు.

"ఇదెవరిది?"

"మా ఆవిడది. పీలమనిషి కదండీ, ఒంట్లో నలతగా ఉంటుందని రోజూ నాలుగింటికి ఒక చిన్న గ్లాసుడు తాగుతుంది. దగ్గుమందు తాగుతున్నావమ్మాయ్ అని నాన్న ఏడిపించేవారు." నవ్వాడు. నవ్వులో తండ్రి లేని దిగులు కూడా సరిగ్గా ఉంది.

"ఎక్కడ కొంటారు?"

"సందు చివర కొట్లో. రాత్రి ఏడింటికి కట్టేస్తాడు. ఆదివారం అసలే తెరవడు."

కోడలు కళ్లు తుడుచుకుంటూ వీధి తలుపు దాకా వచ్చింది. "శనివారం నుంచి దాని మొహం కూడా చూడలేదండీ. తిండే సయించడం లేదు, ఇంక అదెక్కడ? ఇవాళ్టి నుంచైనా తాగమని మా ఆయన ఒకటే పోరు. మామగారు ఈ ఇల్లు నా పేర రాశారని తెలిసినప్పుడు మా ఆయన కోప్పడతారేమోనని భయపడ్డాను. కానీ అప్పట్నుంచీ నన్ను ఇంకా బాగా చూసుకుంటున్నారు." ఆగి, గొంతు తగ్గించి అడిగింది. "బాబాయిని వ్యాన్ ఎక్కించే లోపు ఒక్కసారి చూడనిస్తారా?"

"అడుగుతానమ్మా," అన్నారు మాస్టారు. అడిగినా ఇన్‌స్పెక్టర్ ఒప్పుకోడని ఆయనకి తెలుసు.

*

మూడూ ఇరవై. లాకప్‌లో తాత గోడకి ఆనుకుని గొంతుక్కూర్చుని ఉన్నాడు. అరవై ఎనిమిదేళ్ల మనిషి మూడు రోజుల్లో ఎనభై ఏళ్లవాడిలా అయిపోయాడు. రెండు చేతులూ వణుకుతున్నాయి.

"చేతుల వణుకు ఎన్నాళ్లుగా?" అని అడిగారు మాస్టారు, ఊచల ముందు స్టూలు వేసుకుని.

"యాడాది అయిందండి."

"శనివారం సీసా అందుకే జారిందా?"

తాత చేతులు చంకల్లో దాచుకున్నాడు.

"సీసాలన్నీ ఎత్తి చూశాను తాతా. అన్నీ ఖాళీ. కార్కులకి మైనం నువ్వే పెట్టావు. వైనంతా ఎవరు తాగారో చెప్పు."

"నేనేనండి. రాసేసుకోండి."

"అబద్ధం."

"ముసలాడు ఇంకేం చెబుతాడు మాస్టారూ," అన్నాడు ఇన్‌స్పెక్టర్ వెనకనుంచి. "అరగంట ఉంది. కానివ్వండి."

మాస్టారు స్టూలు ఇంకాస్త దగ్గరికి జరిపారు. క్లాసులో తప్పు లెక్క చేసిన పిల్లాడితో మాట్లాడే గొంతు తెచ్చుకున్నారు. "పెద్దాయనకి జ్వరమొచ్చి తగ్గాక వాసన, రుచి పోయాయి. అవునా?"

తాత తలెత్తాడు. కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి.

"ఎవరు చెప్పారండి?"

"ఎవరూ చెప్పలేదు. ముప్ఫై ఏళ్లు వింటేజ్ తాగిన నాలుక కింది అర సరుకుని పోల్చుకోలేకపోయిందంటే ఇంకేం కారణముంటుంది?"

తాత నెమ్మదిగా మొదలుపెట్టాడు. "ఆయన ఆస్పత్రిలో ఉన్న నెల్లాళ్లూ అబ్బాయిగారు రోజూ స్నేహితుల్ని తెచ్చి మొత్తం తాగేశారండి. ఒక్కటి మిగల్చలేదు. మంచినీళ్ల గ్లాసుల్లో పోసుకుని తాగారండి! మడ్డితో సహా! నేను కాళ్లు పట్టుకున్నా వినలేదు. బాబుగారు ఇంటికొచ్చిన వారానికే మొదటి ఆదివారం వచ్చింది. సీసా తియ్యరా అన్నారు. లేవని ఎలా చెప్పమంటారు? మనిషి అసలే సగమైపోయారు. కొట్లోంచి ఒకటి తెచ్చి కూజాలో పోశాను. కనిపెట్టేసి తన్నినా పడదామనుకున్నాను. ఆయన కళ్లు మూసుకుని తాగి, ఎండు అంజూరం వాసనరా, ఈ ఏడు ఇంకా బాగా దిగింది అన్నారు. అప్పుడు తెలిసిందండి నాకు, ఆయనకి వాసన లేదని. ఆయన గుర్తుని తాగేవారండి, వైన్‌ని కాదు. ఎలా ఉందిరా అని అడిగి, ఒక చుక్క నా చేతిలో కూడా పోసేవారు. నాకి చూసినట్టు నటించి, బ్రహ్మాండంగా ఉంది బాబుగారూ అనేవాణ్ణి. మూడేళ్లు."

ఇన్‌స్పెక్టర్ ఆవులించడం మానేశాడు.

"అమ్మాయి ఎప్పుడైనా దిగొచ్చి చూస్తుందేమోనని, నెలకో ఖాళీ సీసా మెడ కోసి పెట్టేవాణ్ణి, అరల్లో చుక్కలు పైకే ఉంచేవాణ్ణి," అని ఆగాడు తాత. "కాదులెండి. అమ్మాయి కోసం కాదు. అవి పక్కకి తిరిగి ఉంటే నాకే చూడబుద్ధి అయ్యేది కాదు."

"ఇదంతా ఇన్‌స్పెక్టర్‌కి చెబితే నువ్వు బయటపడే దారి ఉంటుందేమో కదా. ఎందుకు చెప్పలేదు?"

తాత మళ్లీ ముడుచుకుపోయాడు. చిప్పలోకి తల లాక్కున్న తాబేలులా అయిపోయాడు. మూడూ ముప్ఫై.

మాస్టారు మొదటినుంచీ మళ్లీ లెక్క వేసుకున్నారు. శనివారం రాత్రి ఏడున్నరకి చవక సీసా పగిలింది. కొట్టు ఏడింటికే కట్టేశాడు. ఆదివారం తెరవడు. ఆదివారం పదకొండున్నరకి కూజాలో వైన్ ఉంది.

"తాతా. ఆదివారం కొట్టు మూసి ఉంది. మరి కూజాలోకి వైన్ ఎక్కడిది?"

తాత గోడవైపు తిరిగిపోయాడు.

"అలమారులోదా?"

"కాదండి."

"కోడలి సీసాయా?"

"అమ్మాయికేం సంబంధం లేదండి!" తాత లేచి ఊచలు పట్టుకున్నాడు. "నేనే కలిపాను, నేనే చంపాను, రాసుకోండి, వ్యాన్ తెప్పించండి!"

"ఆవిడ కలిపిందని అనుకుంటున్నావా?"

"ఛ! ఆ తల్లి చీమని తొక్కదు. నాకు తెలుసు, మీకూ తెలుసు. కానీ సీసా ఆవిడదంటే ఈయన ఊరుకుంటారా? ఇల్లు ఆవిడ పేర. సీసా ఆవిడది. పోయింది ఆవిడ మామగారు. నేను ముసలాణ్ణి, ఇవాళో రేపో పోతాను. ఆవిడకింకా బోలెడు బతుకుంది."

ఇన్‌స్పెక్టర్ తల దించుకున్నాడు. ఊరుకునేవాణ్ణి కాదని వాడికీ తెలుసు.

ఆ మాటతో మాస్టారికి లెక్క కుదిరింది. కూజాలోని విషం కూజాలో కలిపింది కాదు. ముందే సీసాలో ఉంది. ఆ సీసా పెద్దాయన కోసం కాదు. శనివారం నాలుగింటికి అందులోంచి తాగిన కోడలికి ఏమీ కాలేదు. అప్పటినుంచి ఆదివారం ఉదయం లోపు ఎవరో అందులో విషం కలిపి, ఆదివారం నాలుగింటికి ఆవిడ తాగేవేళకి తాను ముప్ఫై మంది మధ్య ఉండేలా చూసుకున్నారు. దాన్ని మధ్యలో తాత ఎత్తుకుపోయి ముసలాయనకి పోశాడు.

"ఆ సీసా ఏం చేశావు?"

"మిగిలిందంతా కూజాకి సరిపోయింది. ఖాళీది చెత్తలో పడేశాను. సోమవారం తొమ్మిదింటికి కొట్టు తెరవగానే కొత్తది కొని అలమారులో పెట్టాను. అమ్మాయికి తెలిస్తే బాధపడుతుందని."

"మూత తీశావా?"

"ఎందుకు తీస్తానండి? సీలు సీలులాగే ఉంది."

మాస్టారు స్టూలు మీంచి లేచారు. మోకాలి నొప్పి తెలియలేదు. మెడ దాకా నిండుగా ఉన్న సీసా. తెగిన సీలు. కోడలు శనివారం నుంచి దాని మొహం చూడలేదంది. తన చేత్తోనే పట్టుకుని చూశారు. చూసి, మళ్లీ నూనె డబ్బాల పక్కనే పెట్టి వచ్చారు.

"ఒరే," అన్నారు. "జీపు తియ్యి. ఆ సీసాలో మళ్లీ కలిపాడు. నాలుగింటికి ఆవిడ తాగుతుంది."

"ఎవరు కలిపారు? ఏ ఆధారంతో? మాస్టారూ, నాకు వ్యాన్ వచ్చే వేళయింది, మీ కథలకి..."

"ఈ ఒక్కసారి నా మాట విను! ఆ తర్వాత నన్ను ఏ స్టేషన్ గడపా తొక్కనివ్వకు!"

అప్పటికే ఆయన కోడలి నంబరు నొక్కి స్పీకర్ పెట్టారు. మూడూ నలభై రెండు. ఇక్కణ్నుంచి ఆ ఇంటికి జీపులో ఇరవై అయిదు నిమిషాలు. ఫోను మోగుతూనే ఉంది. ఆరోసారి మోగాక ఎవరో ఎత్తారు.

"నమస్కారమండీ మాస్టారూ." మెత్తటి గొంతు. కొడుకు.

"మీ ఆవిడకివ్వండి. అర్జెంటు."

"ఇప్పుడే పడుకుందండీ."

"లేపండి."

"ఎందుకు లెండి, పాపం. పొద్దుట్నుంచీ ఏడుస్తూనే ఉంది. నాలుగింటిదాకా ఆగడమెందుకని ఇవాళ నేనే పోసిచ్చాను. రెండు గుక్కల్లో తాగేసింది." కాస్త ఆగాడు. "మీరేమైనా కనుక్కున్నారా?"

ఇన్‌స్పెక్టర్ విన్నది నమ్మలేనట్టు ఒక్క క్షణం ఫోను వంక చూశాడు. తర్వాత బల్ల మీది తాళాలు లాక్కుని పరుగెత్తాడు. కాసేపటికి బయట జీపు గేరు కీచుమంది. డాక్టర్ని ఇంటికి పంపమని ఎవరిమీదో అరుస్తున్న గొంతు దూరమైపోయింది. ఇరవై అయిదు నిమిషాలు. పెద్దాయనకి నలభై అయిదు నిమిషాలు పట్టింది. కానీ ఆయన బలిష్ఠుడు. ఈవిడ పీలమనిషి, మూడు రోజులుగా తిండి కూడా లేదు. ఈసారి ఎంత కలిపాడో ఎవరికి తెలుసు? మాస్టారు లెక్క వేశారు, మళ్లీ వేశారు. అది ఎటు తిప్పినా తేలలేదు.

తాతకి చెవులు కాస్త దూరం. ఫోనులో మాటలు అందలేదు. రెండు చేతులతో ఊచలు పట్టుకుని అడుగుతున్నాడు.

"ఏమందండీ అమ్మాయి? తాగొద్దని చెప్పారా? తాగలేదు కదా?"

మాస్టారు ఆ వణుకుతున్న చేతుల మీద తన చెయ్యి వేశారు. మూడేళ్లపాటు ప్రతి మొదటి ఆదివారం, ఎలా ఉందిరా అని అడిగిన మనిషికి ఈ ముసలాడు ఎలా జవాబు చెప్పగలిగాడో ఆయనకిప్పుడు పూర్తిగా తెలిసొచ్చింది.

"చెప్పాను," అన్నారు. "తాగలేదు."

"బతికించారు బాబూ," అని తాత గోడకి చేరబడి కళ్లు మూసుకున్నాడు.